పెద్ద పోటీలు పెట్టిన ఊరికి చివరికి ఏం మిగులుతుంది?

గ్యాలరీ_చివరివరస అడిగారు:

చాన్నాళ్లుగా బుర్ర తొలుస్తున్న సందేహం, ఎవరైనా ఓపిగ్గా చెప్తారేమోనని ఇక్కడ పెడుతున్నా. ఒలింపిక్స్ కానీ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కానీ ఫలానా నగరానికి దక్కింది అనగానే రెండు మాటలు గ్యారంటీగా వినిపిస్తాయి. ఊరి పేరు ప్రపంచమంతా మోగిపోతుందని ఒకటి, పెట్టుబడులు, ఉద్యోగాలు, టూరిస్టులు వరదలా వచ్చిపడతాయని ఇంకొకటి. పదేళ్లు పోయాక అదే ఊరి ఫొటోలు చూస్తే గడ్డి మొలిచిన స్టేడియాలు, పగుళ్లిచ్చిన ఈత కొలనులు. పోనీ అందరిదీ ఇదే కథా అంటే అదీ కాదు. బార్సిలోనా అనగానే ఆహా అంటారు, ఏథెన్స్ అనగానే పెదవి విరుస్తారు. రెండు ఊళ్లూ పెట్టింది అవే ఆటలు కదా, పన్నెండేళ్ల తేడాతో! మరి ఎక్కడ తేడా కొట్టింది? లాభం అంటున్నది అసలు ఎవరి జేబులోకి పోతోంది? ఇంకోటి, ‘ఊరికి గుర్తింపు’ అనేది నిజంగా ఉందా, లేక ఖర్చు లెక్కలు ఎవరూ అడక్కుండా చెప్పే కబురా? పార్టీల గొడవ మాత్రం వద్దు ప్లీజ్, అది మొదలైతే థ్రెడ్ పాడైపోతుంది.

పద్దుపుస్తకం:

డబ్బు సంగతి నేను చెప్తా, గుర్తింపు సంగతి వేరే ఎవరైనా అందుకోండి.

ఆటలకు ముందు వచ్చే ‘ఇంత ఆదాయం వస్తుంది’ అనే రిపోర్టులు చాలావరకు ఒకే కిటుకు మీద నడుస్తాయి. టికెట్ కొన్నవాళ్లు, హోటల్లో దిగినవాళ్లు, తిన్నవాళ్లు పెట్టిన ఖర్చంతా కూడేసి దానికి ఇంకో రెండు రెట్లు కట్టి చూపిస్తారు. ఇందులో తీసేయాల్సినవి ఎవరూ తియ్యరు. ఆ ఊళ్లోనే ఉండేవాడు మ్యాచ్ టికెట్ కొన్నాడంటే ఆ నెల సినిమాకో, షాపింగ్‌కో పెట్టే డబ్బు ఇటు మళ్లించాడు, అంతే. ఊళ్లోకి కొత్తగా వచ్చింది ఏమీ లేదు. బయటి నుంచి వచ్చినవాడి డబ్బు కొత్తదే, కానీ అతను దిగిన హోటల్ వేరే దేశపు కంపెనీదైతే లాభం సాయంత్రానికే ఊరు దాటిపోతుంది. అన్నిటికంటే పెద్దది మూడోది, ఆటల రద్దీకి భయపడి రాకుండా ఆగిపోయేవాళ్లు. లండన్ సంగతే చూడండి, 2012 ఆగస్టు అంటే సరిగ్గా ఒలింపిక్స్ నడుస్తున్న నెల, ఆ నెలలో బ్రిటన్‌కి వచ్చిన విదేశీయులు అంతకు ముందు ఏడాది ఆగస్టులో వచ్చినవాళ్ల కంటే తక్కువ. మామూలుగా ఆ సీజన్లో కిటకిటలాడే సెంట్రల్ లండన్‌లో వ్యాపారాలు ఖాళీగా కూర్చున్నామని గోల పెట్టాయి.

ఇక ఖర్చు వైపు వస్తే, ఈ ఆటల్లో ఉన్న అసలు చిక్కు తేదీ. మామూలు వంతెన ఆలస్యమైతే తిట్టుకుంటాం, ఆరు నెలలు ఆగుతాం. ప్రారంభోత్సవం తేదీ మాత్రం ఏళ్ల ముందే ఖరారైపోయింది, ప్రపంచమంతా టీవీ ముందు కూర్చుంటుంది, కాబట్టి చివరి ఏడాదిలో కాంట్రాక్టరు ఎంత అడిగితే అంత ఇవ్వాల్సిందే. 1960 నుంచి జరిగిన ఒలింపిక్స్‌లో ఖర్చు వివరాలు దొరికినవాటిని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. బడ్జెట్‌లో ముగిసింది ఒక్కటీ లేదు, సగటున అనుకున్నదానికి రెట్టింపు దాటింది. అందరికంటే ఘోరం మాంట్రియల్ 1976, పెరుగుదలే 720 శాతం. ‘మగాడికి కాన్పు ఎలా రాదో ఒలింపిక్స్‌కి లోటు అలా రాదు’ అన్న అర్థంలో మాట్లాడిన మేయర్ ఆ ఊరివాడే, జాన్ డ్రాపో. ఆ అప్పు తీరింది 2006లో. ముప్పై ఏళ్లు కట్టారు, సిగరెట్ల మీద పన్ను వేసి మరీ.

ఎవరి జేబులోకి అన్నారు కదా, అది చాలా సింపుల్. ప్రసార హక్కులు, పెద్ద స్పాన్సర్ల సొమ్ము ముందు ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) దగ్గరికి పోతుంది, అందులోంచి నిర్వాహకులకు ఒక వాటా వస్తుంది. ఫుట్‌బాల్‌లో అయితే ఆ ఆట ప్రపంచ సంస్థ ఫిఫా. ఖతార్ ప్రపంచ కప్‌తో ముగిసిన 2019-22 నాలుగేళ్లలో ఫిఫా ఆదాయం దాదాపు 750 కోట్ల డాలర్లు. రోడ్లు, స్టేడియాలు, పోలీసు బందోబస్తు మాత్రం పోటీలు పెట్టేవాళ్ల నెత్తిన.

లాభం చూసినవాళ్లు లేరా అంటే ఉన్నారు, లాస్ ఏంజెలెస్ 1984. మాంట్రియల్ గతి చూసి అందరూ పారిపోయారు, టెహ్రాన్ కూడా తప్పుకున్నాక పోటీలో మిగిలింది ఈ ఒక్క ఊరే. దాంతో బేరం ఆడే చాన్స్ దొరికింది. నగరం సొమ్ము తిరిగొచ్చే దారి లేకుండా ఆటల మీద పెట్టకూడదని 1978లోనే అక్కడి ఓటర్లు చట్టం చేసి కూర్చున్నారు. చేసేది లేక 1932 ఒలింపిక్స్‌కి వాడిన కొలిజియం స్టేడియాన్నే మళ్లీ వాడారు, ఆటగాళ్లని యూనివర్సిటీ హాస్టళ్లలో దింపారు, కట్టక తప్పని ఈత కొలను, సైక్లింగ్ ట్రాక్ స్పాన్సర్ల చేత కట్టించారు. చివరికి 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. అందరూ ఈ లాభం కథ చెప్పి మళ్లీ కొత్త స్టేడియాలు కట్టడానికి ఎగబడ్డారు చూడండి, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మెట్రో_దిగి_నడక:

పైన పద్దుపుస్తకం గారు చెప్పినవన్నీ నిజమే కానీ తేదీని ఒట్టి శాపంగా చూస్తే సగం కథే అవుతుంది. ఏళ్ల తరబడి వాయిదా పడుతున్న ఇంటి రిపేర్లు పిల్ల పెళ్లి ముహూర్తం పెట్టగానే నెలలో పూర్తవుతాయి కదా, నగరాలకీ అంతే. టోక్యో 1964 తీసుకోండి. షింకాన్సెన్ బుల్లెట్ రైలు మొదలైంది అక్టోబరు 1న, ఒలింపిక్స్ మొదలైంది అక్టోబరు 10న. స్టేడియం ఎలా ఉందో ఎంతమందికి గుర్తుందో కానీ ఆ రైలు మాత్రం జపాన్ ముఖచిత్రం అయిపోయింది.

బార్సిలోనా విషయంలో అందరూ మర్చిపోయేది ఏంటంటే, వాళ్లు ఆటల కోసం ప్లాన్ వేసుకోలేదు, ప్లాన్ కోసం ఆటలు తెచ్చుకున్నారు. 1975లో స్పెయిన్ నియంత ఫ్రాంకో పోయాడు, 1979లో ఎన్నికైన నగర పాలక వర్గం వచ్చింది, అప్పటికి ఊరు సముద్రం పక్కనే ఉన్నా జనానికి సముద్రం అందదు. మధ్యలో రైలు పట్టాలు, పాత ఫ్యాక్టరీలు అడ్డం. ఆ పట్టాలు తీయాలి, రింగు రోడ్లు వేయాలి, మురుగు వ్యవస్థ బాగుచేయాలి అన్న ఆలోచనలు ముందే ఉన్నాయి, లేనిది డబ్బూ, మాడ్రిడ్‌లోని కేంద్ర ప్రభుత్వం చేత సంతకం పెట్టించే కారణమూ. 1986లో ఒలింపిక్స్ ఖాయం కావడంతో ఆ రెండూ దొరికాయి. పోబ్లెనౌ దగ్గర ఫ్యాక్టరీల స్థలంలో క్రీడా గ్రామం కట్టారు, ఆటలయ్యాక అవే ఇళ్లయ్యాయి, ముందర బీచ్ తయారైంది. ఖర్చులో పెద్ద భాగం ఊరి మీద పెట్టారు, ఆటల మైదానాల వాటా చిన్నదే. పైగా కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా తెలిసినవాళ్లు. డైవింగ్ పోటీలు మోంజుయిక్ కొండ మీది కొలనులో, డైవర్ గాల్లో తిరుగుతుంటే వెనక ఊరంతా, దూరంగా సగ్రాదా ఫమీలియా చర్చి గోపురాలు. ఏ యాడ్ ఏజెన్సీకి ఎంత ఇస్తే అలాంటి బొమ్మ వస్తుంది చెప్పండి.

అయితే దానికీ బిల్లు వచ్చింది, ముప్పై ఏళ్ల తర్వాత. టూరిస్టులు ఎక్కువై అద్దెలు ఊరివాళ్లకు అందకుండా పోయాయి. 2024 జులైలో నిరసన చేసినవాళ్లు హోటళ్ల బయట కూర్చున్న టూరిస్టుల మీద నీళ్ల తుపాకులతో పిచికారీ చేశారు. టూరిస్టులకు అద్దెకిచ్చే పదివేల పైచిలుకు ఫ్లాట్ల లైసెన్సులు 2028 చివరికల్లా ఎత్తేస్తామని మేయర్ ప్రకటించారు. అంటే గుర్తింపు మరీ ఎక్కువ పనిచేసింది అన్నమాట.

స్టేడియం వరకూ వస్తే మాంచెస్టర్‌ని చూసి నేర్చుకోవాలి. 2002 కామన్వెల్త్ క్రీడలకు స్టేడియం కట్టేటప్పుడే ఇది తర్వాత మాంచెస్టర్ సిటీ క్లబ్బుకి అని రాసుకున్నారు. ఆటలు ముగియగానే రన్నింగ్ ట్రాక్ పీకేసి, నేలని ఇంకా లోతుకి తవ్వి, కింద మరో అంతస్తు సీట్లు వేశారు. ప్రేక్షకుడు గోల్‌పోస్టుకి దగ్గరగా వచ్చాడు, 2003లో క్లబ్బు దిగింది. లండన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 80 వేల సీట్ల స్టేడియాన్ని ఆటల తర్వాత 25 వేలకు కుదిద్దాం అనుకుని డిజైన్ చేశారు, తర్వాత మనసు మార్చుకుని వెస్ట్ హామ్ క్లబ్బుకి ఇచ్చారు. మార్చడానికే 32 కోట్ల పౌండ్లకు పైగా అయింది. అథ్లెటిక్స్‌కి ఒకలా, ఫుట్‌బాల్‌కి ఒకలా సీట్లు జరపాలి, మొదటి ఏళ్లలో ఆ జరిపే ఖర్చు ముందు క్లబ్బు కట్టే అద్దె చిన్నదైపోయింది. స్టేడియం పక్కన స్ట్రాట్‌ఫర్డ్ మాత్రం బాగుపడింది, విషం పేరుకున్న పాత పరిశ్రమల మట్టిని కడిగి పార్కు చేశారు. ఒకే ఆటల్లో ఒక పని సూపర్, ఇంకో పని దండగ.

ఊరికే_చూసిపోతా:

“ఊరు బాగుపడింది” అంటున్నారు సరే, ఆ ఊళ్లో ఎవరికి? రియోలో ఒలింపిక్ పార్కు కట్టిన చోట విలా ఆటోడ్రోమో అని ఒక పేదల బస్తీ ఉండేది. వందల కుటుంబాలని లేపేశారు, ఎంత పోరాడినా చివరికి అక్కడ మిగిలింది ఓ ఇరవై ఇళ్లు. కొండల మీద పేదల వాడల మీదుగా కేబుల్ కార్ వేశామని గొప్పగా చూపించారు, ఒలింపిక్స్ జరిగిన 2016లోనే అది ఆగిపోయింది. ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆటలకు ముందే జూన్‌లో ఖజానా ఖాళీ అని అత్యవసర పరిస్థితి ప్రకటించుకుంది.

దానికి రెండేళ్ల ముందు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఇంకో తమాషా. బ్రెజిల్ స్టేడియాల్లో మద్యం నిషేధం ఉండేది, గొడవలు జరుగుతున్నాయని పెట్టుకున్నది. ఫిఫాకి బీరు స్పాన్సర్ ఉంది కాబట్టి ప్రపంచ కప్ కోసం చట్టమే మార్చారు. మనౌస్‌లో నాలుగు మ్యాచ్‌ల కోసం అడవి మధ్యలో 40 వేల పైన సీట్లతో స్టేడియం, ఆ ఊళ్లో అప్పటికి టాప్ డివిజన్ క్లబ్బే లేదు. బ్రెజిల్‌లోనే సాల్వడార్ అనే ఊళ్లో స్టేడియం దగ్గర అకరజే గారెలు వేసి అమ్ముకునే ఆడవాళ్లని స్పాన్సర్ల రూల్ పేరుతో దూరం పెట్టబోయారు, వాళ్లు ఊరుకోలేదు, సంతకాలు సేకరించి గొడవ చేసి 2013లో హక్కు సాధించుకున్నారు. ఊరి గుర్తింపు అంటే నా లెక్కలో ఆ మూకుడు. దాన్నే గేటు బయట పెట్టబోయారు.

గ్యాలరీ_చివరివరస:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఏథెన్స్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఒలింపిక్స్ వల్లే గ్రీస్ దివాలా తీసిందని చాలామంది రాస్తుంటారు, నిజమేనా? ఇంకా, అసలు ఇంత పెద్ద ఆటలు పెట్టకుండా క్రీడలతో పేరు తెచ్చుకున్న ఊళ్లు లేవా?

పద్దుపుస్తకం:

దివాలా తీయించింది ఒలింపిక్స్ అనేది అతి. 2004 ఆటల ఖర్చు సుమారు 900 కోట్ల యూరోలు, 2009 నాటికి గ్రీస్ ప్రభుత్వ అప్పు దాదాపు 30 వేల కోట్ల యూరోలు. మొత్తం ఆటల ఖర్చు అప్పు చేసిందే అనుకున్నా నూటికి మూడు వంతులు. రోగం వేరే ఉంది. పైగా కొత్త విమానాశ్రయం, మెట్రో, ట్రాము ఏథెన్స్ జనం ఇవాళ్టికీ వాడుకుంటున్నారు, ఆటలు లేకపోతే అవి ఎప్పటికి వచ్చేవో.

పరువు పోయింది స్టేడియాల దగ్గర. సాఫ్ట్‌బాల్ ఎవరూ ఆడని దేశంలో సాఫ్ట్‌బాల్ మైదానం శాశ్వత కట్టడంగా కట్టారు, బేస్‌బాల్‌కీ, హాకీకీ అంతే. తాత్కాలికంగా వేసి పీకేయాల్సినవి. పాత ఎల్లినికో విమానాశ్రయం స్థలంలో కట్టిన ఆ హాకీ మైదానంలోనే 2015 తర్వాత శరణార్థులు గుడారాలు వేసుకుని ఉన్నారు. ఫొటోగ్రాఫర్లకి అంతకంటే ఏం కావాలి.

స్కోరుబోర్డు_కింద:

రెండో ప్రశ్నకి నేను. ఉన్నాయి, నా ఉద్దేశంలో అసలు గుర్తింపు వచ్చేది వాటికే. ఒకసారి వచ్చి పోయే పండగ కంటే ప్రతి ఏడాదీ అదే తేదీకి అదే ఊళ్లో జరిగే పోటీ ఊరి పేరుతో కలిసిపోతుంది. వింబుల్డన్ టెన్నిస్, ల మాన్ కార్ రేసు సంగతి చెప్పక్కర్లేదు. బోస్టన్ మారథాన్ 1897 నుంచి నడుస్తోంది. నాకు ఎప్పుడూ గమ్మత్తుగా అనిపించేది 1976. ఆ ఏడాదే మాంట్రియల్ పూర్తి కాని స్టేడియంలో, పక్కన క్రేన్లు నిలబడి ఉండగా ఒలింపిక్స్ పెట్టింది. ఆ ఏడాదే న్యూయార్క్, అప్పుడు దాదాపు దివాలా అంచున ఉన్న ఊరు, తన మారథాన్‌ని ఒక పార్కులోంచి బయటికి తెచ్చి అయిదు బరోల (నగర విభాగాల) మీదుగా రోడ్ల మీద పరిగెత్తించింది. కట్టింది ఏమీ లేదు, రోడ్లు మూసింది, అంతే. ఇప్పుడు అందులో ఏటా 50 వేల మందికి పైగా పరిగెత్తుతున్నారు, తమ వీధి చివర నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లకి చప్పట్లు కొట్టడం అక్కడివాళ్లకి అలవాటైపోయింది. మాంట్రియల్ స్టేడియం సంగతా? పైకప్పు నిండా వేల చిరుగులు, మూడు సెంటీమీటర్లకు మించి మంచు పేరుకుంటే కార్యక్రమాలు రద్దు చేసుకునేవాళ్లు, కెనడాలో! 2024లో కొత్త పైకప్పుకి 87 కోట్ల కెనడియన్ డాలర్లు ప్రకటించారు.

అమెరికాలోని ఇండియానాపోలిస్ కూడా చదవదగ్గ కథ. కార్ రేసు 1911 నుంచి ఉంది, అది తప్ప ఆ ఊరికి చెప్పుకోవడానికి ఏమీ లేదు, డౌన్‌టౌన్ సాయంత్రం అయితే ఖాళీ. 1970ల చివర్లో కూర్చుని మనం ‘క్రీడల రాజధాని’ అవుదాం అని తీర్మానించుకున్నారు. ఆ పని చూడ్డానికే 1979లో ఒక సంస్థ పెట్టారు. ఈత కొలను, ట్రాక్ ముందే కట్టుకున్నారు. ఇంతలో 1987 పాన్ అమెరికన్ క్రీడలు పెడతామన్న సాంటియాగో, తర్వాత కీటో చేతులెత్తేశాయి, అన్నీ సిద్ధంగా ఉన్న వీళ్లు అందుకున్నారు. జట్టు లేకుండానే అమెరికన్ ఫుట్‌బాల్‌కి పైకప్పున్న స్టేడియం కట్టడం మొదలుపెట్టిన మొండివాళ్లు, 1984 మార్చిలో ఒక రాత్రి బాల్టిమోర్ నుంచి కోల్ట్స్ జట్టు సామానంతా లారీల్లో వేసుకుని ఇక్కడికి వచ్చేసింది. (బాల్టిమోర్ వాళ్లకి ఆ మంట ఇంకా ఆరలేదు, ఒక ఊరి గుర్తింపు ఇంకో ఊరికి తరలిపోవడం అంటే అదే.) 1999లో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఆఫీసు కూడా ఇక్కడికే మారింది. 2024లో అమెరికా ఒలింపిక్ ఈత ట్రయల్స్ పెట్టింది ఎక్కడో తెలుసా, వాళ్ల ఫుట్‌బాల్ స్టేడియంలో, తాత్కాలిక కొలనులు బిగించి. ఒక్కసారి పెద్ద పండగ చేయడానికి కాకుండా, ప్రతి వారం ఏదో ఒకటి పెట్టడానికి కట్టుకున్న ఊరు అది.

ఇందులో చేదు ఉదాహరణ బోస్నియాలోని సారయేవో. 1984 శీతాకాల ఒలింపిక్స్‌తో ప్రపంచానికి తెలిసిన ఊరు, పదేళ్లు తిరక్కుండానే యుద్ధం వచ్చి, త్రెబెవిచ్ కొండ మీది బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే బండి పోటీ) ట్రాకు ఊరి మీదికి గుండ్లు పేల్చే స్థావరం అయింది. ఇప్పుడు ఆ కాంక్రీటు నిండా గ్రాఫిటీ, జనం దాని మీద నడుచుకుంటూ వెళ్తారు. ఆటలు ఇచ్చిన పేరుని చరిత్ర ఎటు తిప్పుతుందో ఏ కన్సల్టెంటు రిపోర్టులోనూ ఉండదు.

ఊరికే_చూసిపోతా:

ఏటా జరిగేది మంచిదే కానీ అదీ చేతులు మారుతుంది. ఫార్ములా వన్ రేసు 1985 నుంచి 1995 దాకా అడిలైడ్‌ది, 1996లో మెల్‌బోర్న్ ఎగరేసుకుపోయింది. ఆ మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రమే 2026 కామన్వెల్త్ క్రీడలు పెడతామని ఒప్పుకుని, ఖర్చు 260 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల నుంచి 600-700 కోట్లకు పోతుందని 2023లో వద్దని చెప్పేసింది. వద్దన్నందుకు పరిహారమే 38 కోట్లు. పాపం అనిపించింది కానీ నా లెక్కలో ఆ 38 కోట్లు తెలివైన ఖర్చు. డెన్వర్ ఇంకా ముందే చేసింది ఈ పని, 1976 శీతాకాల ఒలింపిక్స్ చేతికొచ్చాక 1972లో ఓటర్లు డబ్బు ఇవ్వం పొమ్మన్నారు, ఆటలు ఇన్స్‌బ్రుక్‌కి పోయాయి. డెన్వర్‌కి పోయిందేమీ కనపడదు.

మెట్రో_దిగి_నడక:

అందుకే ఇప్పుడు ఐఓసీ స్వరం మారింది. బోస్టన్, హాంబర్గ్, రోమ్, బుడాపెస్ట్ వరసగా తప్పుకోవడంతో 2017లో మిగిలిన ఇద్దరికీ పంచేశారు, 2024 పారిస్‌కి, 2028 లాస్ ఏంజెలెస్‌కి. పారిస్ వేదికల్లో 95 శాతం అప్పటికే ఉన్నవో, తాత్కాలికమైనవో. బీచ్ వాలీబాల్ ఈఫిల్ టవర్ కింద పెట్టి తర్వాత పీకేశారు, ఫొటో మాత్రం ఉండిపోయింది. సెయిన్ నది శుభ్రం చేయడానికి 140 కోట్ల యూరోలు పెట్టారు, ఆటలప్పుడు వానకి నీళ్లు పాడై ట్రయథ్లాన్ వాయిదా పడితే అందరూ నవ్వారు. కానీ 1923 నుంచి ఈత నిషేధం ఉన్న నదిలో 2025 జులై నుంచి మామూలు జనం దిగుతున్నారు. నాకైతే పతకాల పట్టిక కంటే అదే పెద్ద విషయం.

గ్యాలరీ_చివరివరస:

2028 గురించి చదువుతుంటే ఇంకో విచిత్రం కనపడింది. కొత్తవి కట్టడం ఇష్టం లేక సాఫ్ట్‌బాల్, కనోయ్ స్లాలమ్ (ఉరకలెత్తే నీళ్లలో పడవ పోటీ) రెండూ ఓక్లహోమా సిటీలో పెడుతున్నారట, లాస్ ఏంజెలెస్‌కి దాదాపు రెండు వేల కిలోమీటర్లు! ఇంక ఇది ఏ ఊరి ఒలింపిక్స్ అనుకోవాలి?

స్కోరుబోర్డు_కింద:

సాఫ్ట్‌బాల్ వరకూ ఓక్లహోమా సిటీదే అనుకోండి. కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్ ఫైనల్స్ ఏటా అక్కడే, అదే మైదానంలో జరుగుతాయి, ఆ ఆట ఆడే ప్రతి అమెరికన్ పిల్లకీ ఆ ఊరి పేరు ముందే తెలుసు. లాస్ ఏంజెలెస్‌లో కొత్తది కడితే ఏథెన్స్ మైదానానికి తోడు దొరికేది.